మారువేషం: కైవారం గడప నుంచి వైఫై పెట్టె దాకా

కైవారం అనగానే చింతామణి వైపు వాళ్లకు ముందు గుర్తొచ్చేది తాతయ్య. గాజులమ్ముకుంటూ ఊరూరా తిరిగి, ఆ తర్వాత యోగిగా మారి, తెలుగులోనూ కన్నడంలోనూ పదాలు చెప్పిన యోగి నారేయణ యతీంద్రులు. అయితే ఆ ఊళ్లో తాతయ్య కంటే చాలా పాతదైన కథ ఇంకొకటి ఉంది. ద్వాపర యుగంలో తమ ఊరే ఏకచక్రపురమని, లక్క ఇంటి మంటల్లోంచి బయటపడ్డ పాండవులు బ్రాహ్మణ వేషాలతో తలదాచుకున్నది ఇక్కడేనని, భీముడు బకాసురుణ్ణి మట్టుబెట్టింది ఎదురుగా కనిపించే ఆ కొండ దగ్గరేనని అక్కడివాళ్ల నమ్మకం. ఊళ్లోని భీమేశ్వరాలయంలో లింగాలను పాండవులే ప్రతిష్ఠించారని చెబుతారు. ఏకచక్రపురం తమదేనని చెప్పుకునే ఊళ్లు దేశంలో ఇంకా ఉన్నాయి. బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో ఒక ఊరు ఆ పేరుతోనే ఉంది. ఏది అసలుది అన్న తగువు అలా ఉంచి, ఆ కథలో పాండవులు దాక్కున్న పద్ధతి చూస్తే మటుకు, ఇవాళ చిక్కబళ్ళాపురంలోనైనా బాగేపల్లిలోనైనా ఇంటి గోడకు తగిలించిన వైఫై పెట్టె చేసే పని సులువుగా అర్థమవుతుంది.

మారువేషం అన్న మాట మనవాళ్ల నోట మంచికీ చెడ్డకీ రెండింటికీ నడుస్తుంది. మొండికేసిన పిల్లవాణ్ణి తల్లి ‘వేషాలెయ్యకు’ అని కసురుతుంది. మంచివాడిలా నటించే వాణ్ణి ‘మేకవన్నె పులి’ అంటారు. అదే జనం ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో లక్ష్మణకుమారుణ్ణి ముప్పుతిప్పలు పెడుతుంటే 1957 నుంచీ విసుగు లేకుండా చూస్తున్నారు. ‘నర్తనశాల’లో రామారావు బృహన్నలగా నడిచొస్తే చప్పట్లు కొట్టారు. వేషం వేసినందుకు మనం ఎవర్నీ తప్పుపట్టం. ఎందుకు వేశాడు, ఎవరిని కాపాడాడు, ఎవరి సొమ్ము తిన్నాడు అన్నదాన్ని బట్టే తీర్పు చెబుతాం. కంప్యూటర్ నెట్‌వర్కుల్లోనూ ఇదే తేడా ఉంది. అక్కడ కాపాడే వేషం ఒకటుంది, కాజేసే వేషం ఒకటుంది. రెండూ చేసే పని పైపైన ఒకటే: పంపినవాడి అసలు చిరునామా తీసేసి ఇంకో చిరునామా పెట్టడం.

ముందు కాపాడే వేషం సంగతి. ఏకచక్రపురంలో అన్నదమ్ములు పగలంతా భిక్షాటన చేసేవారు. ఊరి లెక్కలో వాళ్లు ఫలానా బ్రాహ్మణుడి ఇంట్లో దిగిన పరదేశులు, అంతే. తెచ్చినదంతా కుంతి ముందు పెడితే ఆమె రెండు వాటాలు వేసి, ఒకటి పూర్తిగా భీముడికిచ్చి, రెండోది తక్కిన నలుగురితో కలిసి తను తినేది. గడప బయట అందరిదీ ఒకటే గుర్తింపు. గడప లోపల ఎవరికి ఎంత చేరాలో తల్లికి తెలుసు.

వైఫై పెట్టె, అంటే రౌటర్, కుంతి చేసిన పనే చేస్తుంది. ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక టీవీ, ఒక ల్యాప్‌టాప్ ఉన్నాయనుకుందాం. ఒక్కోదానికీ లోపల ఒక్కో చిరునామా ఉంటుంది: 192.168.1.5, 192.168.1.6, అలా. ఈ చిరునామాలు గడప దాటితే చెల్లవు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి కేవలం లోపలి వాడకానికేనని 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 1918 అనే ప్రమాణ పత్రం తేల్చింది. అందుకే 192.168.1.5 అన్న చిరునామా బాగేపల్లిలో ఒక ఇంట్లోనూ ఉంటుంది, అమెరికాలో ఇంకో ఇంట్లోనూ ఉంటుంది. తగువు రాదు. ఇంట్లోని ఫోన్ బయటి వెబ్‌సైటును ఏదైనా అడిగినప్పుడు రౌటర్ ఆ ప్రశ్నను మోసే సమాచార పొట్లాం (ప్యాకెట్) మీద ఫోన్ చిరునామా చెరిపేసి తన సొంత చిరునామా రాస్తుంది. పక్కనే ఒక పోర్టు సంఖ్య వేస్తుంది. పోర్టులు 0 నుంచి 65,535 దాకా ఉంటాయి. ‘ఈ పోర్టు మీద వచ్చే జవాబు ఫలానా ఫోన్‌ది’ అని తన పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టిక చూసి, చిరునామా తిరగరాసి, అడిగినవాళ్లకు అందిస్తుంది. వెబ్‌సైటుకు కనిపించేది రౌటర్ ఒక్కటే. లోపల ఆరు పరికరాలున్నా అరవై ఉన్నా దానికి తెలియదు. సాయంత్రం పూట సినిమా నడిచే టీవీదే భీముడి వాటా.

దీన్ని సాంకేతికంగా నాట్ అంటారు, చిరునామా మార్పిడి అని అర్థం. లినక్స్ లోకం మాత్రం దీనికి ‘మాస్కరేడ్’ అని పేరు పెట్టింది, ముసుగు వేసుకుని జనంలో తిరగడం అని. 1990ల మధ్యలో లినక్స్‌లోకి వచ్చిన ఈ పేరు, 2001 జనవరిలో వెలువడిన 2.4 కెర్నెల్‌తో పాటు వచ్చిన ఐపీటేబుల్స్ అనే పనిముట్టులోనూ నిలిచింది. ఇంజినీరింగ్ కాలేజీలో నెట్‌వర్కింగ్ ప్రయోగం చేసే పిల్లలు ఇవాళ్టికీ ఆ మాటనే టైపు చేస్తారు. దీనికీ మామూలు చిరునామా మార్పిడికీ ఒక తేడా ఉంది. మామూలు దాంట్లో ఏ చిరునామా పెట్టాలో ముందే రాసిపెడతారు. మాస్కరేడ్‌లో, బయటికి వెళ్లే లైనుకు ఆ క్షణాన ఏ చిరునామా ఉంటే అదే తొడుక్కుంటుంది. లైను తెగితే పాత పట్టికను మరిచిపోతుంది. ఇళ్లకు ఇచ్చే ఇంటర్నెట్‌లో చిరునామా ఎప్పుడైనా మారవచ్చు కాబట్టి ఈ పద్ధతి వాటికి బాగా కుదిరింది.

ఇంతకీ ఈ వేషం ఎందుకు వేయాల్సి వచ్చింది? సరిపడా చిరునామాలు లేక. పాత పద్ధతిలో, అంటే ఐపీ నాలుగో వెర్షన్‌లో, ఉండగలిగే చిరునామాలు మొత్తం 429 కోట్ల పైచిలుకు. మన దేశ జనాభానే 140 కోట్లు దాటింది. మనిషికి రెండు మూడు పరికరాలున్న రోజుల్లో అవి ఎటూ చాలవు. ఆ ప్రమాదం ముందే కనిపెట్టి 1994 మేలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు నాట్ పద్ధతిని ఆర్.ఎఫ్.సి. 1631లో ప్రతిపాదించారు. శాశ్వతమైన దారి దొరికేదాకా దీన్ని తాత్కాలిక ఉపాయంగా వాడుకోవచ్చని వాళ్ల ఉద్దేశం. ఆ తాత్కాలికానికి ముప్పై ఏళ్లు దాటాయి. 2011 ఫిబ్రవరి 3న చిరునామాలు పంచే ప్రపంచ కేంద్ర సంస్థ దగ్గర మిగిలిన చివరి చిరునామాల కట్టలు పంచేశారు. అదే ఏడాది ఏప్రిల్ 15 నాటికి ఆసియా పసిఫిక్ సంస్థ తన ఆఖరి కట్టకు చేరుకుంది. ఆరో వెర్షన్ చిరునామాలకు కొరత లేదు, మన దేశంలో మొబైల్ కంపెనీలు దాన్ని విరివిగా వాడుతున్నాయి కూడా. అయినా పాత వెర్షన్ ఇంకా పోలేదు, దానితో పాటు వేషమూ పోలేదు.

పైగా వేషం మీద వేషం వచ్చి చేరింది. చాలామంది ఇంటి రౌటర్‌కు కూడా ఇప్పుడు సొంత బయటి చిరునామా లేదు. కంపెనీ తన దగ్గర ఇంకో పెద్ద చిరునామా మార్పిడి యంత్రం పెట్టి, ఎన్నో ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక నిలబెడుతుంది. ఇందుకోసం 2012 ఏప్రిల్‌లో 100.64 నుంచి 100.127 దాకా ఉన్న 41 లక్షల 94 వేల చిరునామాలను ప్రత్యేకంగా కేటాయించారు. బాగేపల్లిలో కూర్చున్న మనిషికి కొన్ని వెబ్‌సైట్లు తనది బెంగళూరు అనో ఇంకో ఊరనో చూపించడానికి ఇదొక కారణం. ఆ సైటుకు కనిపించేది మనిషి ఊరు కాదు, కంపెనీ ద్వారం ఉన్న ఊరు. అదే చిరునామా వెనకున్న ముక్కూ ముఖం తెలియని ఇంకొకరు ఏదో సైటు మీద అల్లరి చేస్తే, ‘మీరు రోబో కాదని నిరూపించుకోండి’ అన్న పరీక్ష మనకూ పడుతుంది.

వేషం ఎంత బాగా కుదిరినా బయటపడే దారి ఒకటి ఉంటుంది. విరాటుడి కొలువులో పాండవులు ఎంతో జాగ్రత్తపడ్డారు. లోకానికి కంకుభట్టు, వలలుడు, బృహన్నల, దామగ్రంథి, తంత్రిపాలుడు. తమలో తాము పిలుచుకోవడానికి వేరే రహస్యనామాలు: జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు. బయటికి ఒక పేరు, లోపల ఇంకొక పేరు ఉంచుకోవడమనే ఏర్పాటు అంత పాతది. ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచేశారు. కానీ కీచకుడు చచ్చిన వార్త హస్తినాపురం చేరగానే దుర్యోధనుడికి అనుమానం వచ్చింది. కీచకుణ్ణి వట్టి చేతులతో చంపగల బలం లోకంలో ఎందరికుంటుంది? మనిషి పేరు మార్చుకోగలడు, దుస్తులు మార్చుకోగలడు, చేతి దెబ్బను మార్చుకోలేడు.

2002లో అమెరికాలోని ఏటీ అండ్ టీ ప్రయోగశాలలో స్టీవెన్ బెలోవిన్ అనే శాస్త్రవేత్త సరిగ్గా ఈ తర్కంతోనే ఒక పరిశోధన పత్రం రాశాడు. ప్రతి కంప్యూటరు తను పంపే పొట్లాల మీద ఒక వరుస సంఖ్య వేస్తుంది. ఆ రోజుల్లో చాలా యంత్రాలు దాన్ని ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోయేవి. రౌటర్ చిరునామా చెరిపేది కానీ ఈ సంఖ్యను ముట్టుకునేది కాదు. దాంతో బయటికొచ్చే పొట్లాల సంఖ్యలను రాసుకుంటూ పోతే, ఒకే చిరునామా మీద రెండు మూడు వేర్వేరు వరుసలు విడివిడిగా కనిపించేవి. ఎన్ని వరుసలుంటే ముసుగు వెనక అన్ని కంప్యూటర్లు ఉన్నట్టు. ఆ తర్వాత వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఆ సంఖ్యలను చెల్లాచెదురుగా వేయడం నేర్చుకున్నాయి. ఇవాళ వెబ్‌సైట్లు ఇంకో దారి పట్టాయి: బ్రౌజర్ రకం, తెర కొలత, అక్షరాల అచ్చులు, గడియారం సమయం కలిపి చూసి మనిషిని గుర్తుపడుతున్నాయి. కాబట్టి వైఫై పెట్టె వేసే వేషాన్ని గోప్యతకు పూచీగా తీసుకోకూడదు. అది తాళం కూడా కాదు. బయటివాళ్లు పిలవకుండా లోపలికి రాలేకపోవడం ఆ పద్ధతి వల్ల కలిగిన మంచే అయినా, ఇంట్లోవాళ్లే తెలియక ఒక దొంగ యాప్‌ను దించుకుంటే రౌటర్ దాన్ని ఆపదు. లోపలివాళ్లు అడిగిందే కదా అని జవాబు తెచ్చి ఇస్తుంది.

వేషం గురించి ఈ సీమకు కొత్తగా చెప్పక్కరలేదు. తెలుగు ఊళ్లలో పగటి వేషాలనీ, కన్నడంలో హగలు వేష అనీ పిలిచే కళ ఒకటుంది. కర్ణాటకలో ఈ వేషాలు కట్టేవాళ్లలో బుడగ జంగాల వంటి, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రాత్రి, దీపాలు, తెర, రంగస్థలం ఏవీ లేకుండా పట్టపగలు వీధిలో, ఎదురుగా రెండడుగుల దూరంలో నిలబడి నమ్మించడం మాటలు కాదు. సగం శివుడు, సగం పార్వతిగా వచ్చే అర్ధనారీశ్వరుడు, చిరుగు కోటు తొడుక్కుని కోతలు కోసే పిట్టలదొర, ఫకీరు. రోజుకో వేషంతో ఊరంతా తిరిగి, ఆఖరుకు ఇంటింటా సంభావన అడుగుతారు. ఈ కళాకారుల గురించి జనం చెప్పుకునే కథ ఒకటుంది. సన్యాసి వేషంలో వచ్చినవాడికి రాజు బంగారం ఇవ్వబోతే కన్నెత్తి చూడలేదట. మర్నాడు మామూలు బట్టలతో వచ్చి బహుమానం అడిగాడట. ‘నిన్ననే తీసుకోవచ్చు కదా’ అంటే, సన్యాసి బంగారం ముడితే ఆ వేషానికే మచ్చ కదా అన్నాడట. ఈ కథ జరిగిందో లేదో కానీ, ఆ వృత్తి పెట్టుకున్న నియమం అందులో స్పష్టంగా ఉంది. వేషంలో ఉండగా ఎవర్నీ దోచుకోకూడదు. అడగాల్సింది సొంత ముఖంతో అడగాలి.

వేషం ఒక్కోసారి చెప్పలేని నిజాన్ని మోసుకెళ్లింది కూడా. మాచుపల్లి కైఫీయతు అనే పాత స్థానిక చరిత్రలో ఒక సంగతి ఉంది. కూచిపూడి భాగవతులు సిద్ధవటం మీదుగా వెళ్తూ అక్కడి పాలకుడు సమ్మెట గురవరాజు సొమ్ము కోసం ఆడవాళ్లను హింసించడం కళ్లారా చూశారు. విజయనగరంలో వీరనరసింహరాయల ముందు ఆటకు అవకాశం వచ్చినప్పుడు, ఒకరు గురవరాజు వేషం, ఇంకొకరు హింసపడే స్త్రీ వేషం కట్టి ఆ దృశ్యాన్నే ఆడి చూపించారు. రాయలకు విషయం అర్థమైంది. సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి శిక్షించాడు. నోటితో ఫిర్యాదు చేస్తే ప్రాణాలకు ముప్పు వచ్చే చోట వేషం వాళ్లను కాపాడింది.

ఇక కాజేసే వేషం. రావణుడు సీత ముందుకు రాజుగా రాలేదు, సన్యాసిగా వచ్చాడు. అతిథిని, అందులోనూ సన్యాసిని, గుమ్మం నుంచి తిప్పి పంపకూడదన్న ఆమె ధర్మమే వాడికి దారి ఇచ్చింది. మోసగాడు ఎంచుకునేది ఎప్పుడూ ఎదుటివాళ్లు గౌరవించే వేషాన్నే. నెట్‌వర్కులో దీన్ని స్పూఫింగ్ అంటారు. 1994 డిసెంబరు 25న, క్రిస్మస్ పండుగ నాడు, శాన్ డియేగోలో సుటోము షిమొమురా అనే భద్రతా నిపుణుడి కంప్యూటర్ల మీద జరిగిన దాడి దీనికి పేరుమోసిన ఉదాహరణ. ఆయన యంత్రం ఒక సర్వర్‌ను మారు ప్రశ్న లేకుండా నమ్మేది. దాడి చేసినవాడు ఆ సర్వర్ చిరునామా పెట్టుకుని మాట్లాడాడు. ఇక్కడో చిక్కుంది: దొంగ చిరునామాతో అడిగితే జవాబు అసలు యజమానికే వెళ్తుంది, ‘నేనేమీ అడగలేదే’ అని ఆయన అంటే గుట్టు రట్టవుతుంది. అందుకే దాడిదారు ముందుగా ఆ సర్వర్ మీద సగం సగం కనెక్షన్లు గుప్పించి దాని నోరు మూయించాడు. తనకు కనిపించని జవాబులోని సంఖ్యను ఊహించి సంభాషణ కొనసాగించాడు. ఈ కేసులో వేట సాగి, 1995 ఫిబ్రవరిలో కెవిన్ మిట్నిక్ అనే హ్యాకర్ అరెస్టయ్యాడు.

ఇంటి రౌటర్ కూడా చిరునామా మార్చింది, ఈ దాడిదారూ మార్చాడు. తేడా పట్టికలో ఉంది. రౌటర్ తన సొంత చిరునామా పెడుతుంది, ఎవరి తరఫున పెట్టిందో రాసుకుంటుంది, జవాబు తనే అందుకుంటుంది. దొంగ ఇంకొకరి చిరునామా పెడతాడు, ఎక్కడా రాసుకోడు, వచ్చే జవాబు బరువు ఆ ఇంకొకరి నెత్తిన పడేస్తాడు. తమ చందాదారుల నుంచి తమవి కాని చిరునామాలతో పొట్లాలు బయటికి పోనివ్వవద్దని 2000 మేలోనే ఆర్.ఎఫ్.సి. 2827 ఇంటర్నెట్ కంపెనీలను కోరింది. దాన్ని పాటించని కంపెనీల వల్లే ఈ రకం దాడులకు ఇంకా తావు దొరుకుతోంది.

పట్టిక విలువ పోలీసు స్టేషన్‌లో బాగా తెలుస్తుంది. ఒక నేరం ఫలానా ఐపీ చిరునామా నుంచి జరిగిందని తేలినా, దాని వెనక ఎన్నో ఇళ్లుంటే దోషి ఎవరు? చిరునామాతో పాటు పోర్టు సంఖ్య, క్షణాలతో సహా సమయం ఉంటేనే కంపెనీ తన పట్టిక తిప్పి ఒక చందాదారు దగ్గరికి రాగలదు. ఆ రెండూ లేకుండా వెతికితే ఏ పాపం ఎరగనివాళ్ల తలుపు తట్టాల్సి వస్తుంది. సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల్లో నమోదయ్యే చిట్టాలను (లాగ్‌లను) 180 రోజుల పాటు దేశంలోనే భద్రపరచాలని 2022 ఏప్రిల్ 28న కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్ ఇన్ ఆదేశించింది.

ఫోన్ నంబరుకు కూడా ఇప్పుడు వేషం వేస్తున్నారు. విదేశం నుంచి చేస్తూ, తెరమీద +91తో మన దేశపు నంబరు కనిపించేలా చేస్తారు. ఇలాంటి కాల్స్‌ను ఆపే ఏర్పాటును కేంద్రం 2024 అక్టోబరు 22న ప్రారంభించింది. మొదటి 24 గంటల్లోనే సుమారు 1.35 కోట్ల కాల్స్ అలాంటివని గుర్తించి ఆపామని ప్రకటించింది. ఆ తర్వాత కొద్ది రోజులకే ప్రధాని తన ‘మన్ కీ బాత్’లో డిజిటల్ అరెస్టు మోసం గురించి హెచ్చరించారు. ఖాకీ చొక్కా, వెనక గోడకు స్టేషన్ బోర్డు, బల్ల మీద ఫైళ్లు, వీడియో కాల్‌లో కటువుగా ఒక గొంతు. ‘మీ పేరున పార్సిల్‌లో మత్తుమందు దొరికింది, కాల్ కట్ చేస్తే అరెస్టు చేస్తాం’ అని గంటల తరబడి మనిషిని కదలనివ్వకుండా కూర్చోబెట్టి ఖాతా ఖాళీ చేయిస్తారు. సన్యాసి కాషాయం చేసిన పనే ఇక్కడ ఖాకీ చేస్తోంది. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. కంప్యూటర్ ద్వారా ఇంకొకరిలా నటించి మోసం చేస్తే సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది.

ఇంట్లో తెలుగు, ఆఫీసు కాగితంలో కన్నడం, బ్యాంకు మెసేజ్‌లో ఇంగ్లీషు నడిచే ఈ సరిహద్దు తాలూకాల్లో మోసగాడికి ఒక వెసులుబాటు అదనంగా ఉంది. తెలియని భాషలో వచ్చిన కాగితాన్ని చూసి భయపడేవాళ్లు, తెలిసిన భాషలో మాట్లాడినవాణ్ణి వెంటనే నమ్మేవాళ్లు ఇక్కడ ఎక్కువ. మన భాషలో ‘అన్నా’ అని పిలిచినంత మాత్రాన వాడు మనవాడైపోడు. బ్యాంకు నుంచి అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేసి, పాస్‌బుక్ మీదున్న నంబరుకు మీరే చేయండి. బ్యాంకు సైటు తెరిచేటప్పుడు చిరునామా చివర ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ ఉందో లేదో చూడండి. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా దానికి మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. ఇంటి రౌటర్‌కు కొన్నప్పుడు ఇచ్చిన పాస్‌వర్డు మార్చండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం, సిగ్గుపడి దాచుకోకుండా, 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో సొమ్మును ఆపించే వీలు అంత ఎక్కువ. వయసు మళ్లిన అమ్మానాన్నలు ఊళ్లో ఒంటరిగా ఉంటే, ఈ నంబరును పెద్ద అక్షరాలతో రాసి వాళ్ల ఫోన్ పెట్టుకునే చోట అంటించండి.